తొవ్వ అడిగిన గొంతు

ఒకప్పుడు నాకు కలలు రాసుకునే అలవాటు ఉండేది. కరీంనగర్‌లో చదువుకునేటప్పుడు ఊసుపోక మొదలుపెట్టాను. మొదట్లో పొద్దున లేచేసరికి ఏదీ గుర్తుండేది కాదు. ఏదో వచ్చి పోయిందన్న గుమానం ఒక్కటే మిగిలేది. పట్టు విడవకుండా ఏడాది సాధన చేశాక, రాత్రికి మూడేసి కలలు, కలలో మనిషి తొడుక్కున్న అంగీ రంగుతో సహా చెప్పగలిగేవాణ్ని. అదొక విద్య అనీ, అది నాకు పట్టుబడిందనీ గర్వంగా ఉండేది.

ఇప్పుడు ఆ గర్వం లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు లక్ష్మీరాజం. పందొమ్మిది వందల అరవై రెండులో నాకు ఒక బొగ్గుబాయి, అంటే గని, దగ్గర దవాఖానాలో కంపౌండరు ఉద్యోగం వచ్చింది. శ్రీరాంపూర్ అడవి దిక్కున ఉండేది ఆ బాయి. దాని పేరు చెప్పను. దవాఖానా అంటే రెండు గదులు, ఒక బల్ల, మూడు సీసాల మందునీళ్లు, టింక్చరు, దూది. డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. మిగిలిన రోజుల్లో చితికిన వేళ్లకూ, పగిలిన తలలకూ నేనే దిక్కు. బాయికి అటు పక్కన పనివాళ్ల గుడిసెలు, రేకుల ఇండ్లు. మెట్‌పల్లి దిక్కున మగ్గాలు నడవక, బొగ్గు తవ్వడానికి వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది.

నేను చేరిన మూడో నెలలో బాయి లోపల కప్పు కూలింది. ముగ్గురు చిక్కుకున్నారు. అంతయ్య అనే పెద్దమనిషి శవం అదే రోజు దొరికింది. నాలుగో రోజు ఇస్తారిని ప్రాణాలతో బయటికి తెచ్చారు. బాలమల్లు అనే ఇరవై రెండేళ్ల పిల్లవాడు దొరకలేదు. వెతుకుతుండగానే కప్పు మళ్లీ రాలడం మొదలైంది. దాంతో ఆ భాగానికి అడ్డంగా ఇటుకగోడ కట్టి మూసేశారు.

ఇస్తారికి పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆ నాలుగు రోజులూ అతని బుర్రలోంచి తుడిచేసినట్టు పోయాయి.

"ఉరిమినట్టు చప్పుడైంది సారు. గంతే. మల్ల కండ్లు తెరిస్తే దవాఖానా. నడుమల ఏం లేదు."

అతని పక్కన రెండు నీళ్ల డబ్బాలు దొరికాయి. ఒకటి అతనిది. రెండోది బాలమల్లుది. అది చూసినవాళ్లు ఊరుకోలేదు. ఇస్తారి నీళ్ల కోసం ఏం చేశాడోనని నల్లా దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడేవారు. ఇస్తారి భార్య ఎల్లక్క బిందె పట్టుకుని వస్తే మాట ఆపేసేవారు.

ఒకరోజు పొద్దున బాలమల్లు తల్లి శంకరవ్వ దవాఖానాకు వచ్చింది. సన్నగా, వంగిన మనిషి. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు పసుపచ్చగా మారాయి. భర్త చిన్నవయసులోనే పోతే ఒక్క కొడుకును సాకింది. రోగమేమిటని అడిగితే బల్ల మీద కూర్చుని కొంగు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉంది.

"బిడ్డా, యాదికొచ్చే మందుంటదా?" అంది చివరికి.

"ఎవరికవ్వా?"

"నాకు గాదు. ఇస్తారికి. రాత్రి దీపం పెట్టుకొని కూసుంటడట, నిద్రకే బుగులట. పగటీలి పండుకుంటడు. లేసుడు లేసుడే మొత్తుకుంటడు. ఏం కలొచ్చిందిర అంటె యాదికి లేదంటడు. గా కలల నా కొడుకుంటడు బిడ్డా. ఇంకేముంటది?"

"కల నిజం కాదు గదవ్వా."

"కాకపోనీ. వాడు ఎట్ల పోయిండో, నన్ను యాజ్జేసిండో లేదో... గది తెలిస్తె చాలు. ఇస్తారిని నేను ఒక్క మాటంటలేను."

మందు లేదు. కానీ నా దగ్గర పద్ధతి ఉంది. ఆ మాట నా నోటి నుంచి ఎంత తొందరగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రమే ఇస్తారి ఇంటికి వెళ్లాను. నలభై దాటని మనిషి, ముసలివాడిలా కూర్చుని ఉన్నాడు. నేను చెప్పింది విని తల ఊపాడు. "జెప్త సారు. నేను వాన్ని సంపిన్నో ఏమో, నాకే తెలుస్తలేదు" అన్నాడు. కానీ ఎల్లక్క ఒప్పుకోలేదు.

"మర్చిపోయిండంటె మర్చిపోనియ్యుండ్రి సారు. లోపల ఏమున్నదో ఎందుకు గెలుకుడు?"

"భయం బయటపడితేనే పోతుంది ఎల్లక్కా" అన్నాను, పెద్ద డాక్టరులాగా. ఇస్తారి కూడా పట్టుబట్టడంతో ఆమె తగ్గింది.

పద్ధతి కష్టమైంది కాదు. పండుకునే ముందు 'గుర్తు పెట్టుకుంటా' అని మూడుసార్లు అనుకోవాలి. మెలకువ రాగానే కదలకూడదు. ఏ పక్కకు తిరిగి ఉన్నామో ఆ పక్కకే ఉండాలి. కళ్లు తెరవకూడదు, వెలుతురు పడితే కల కరిగిపోతుంది. కలనంతా ఒకేసారి పట్టుకోవాలని చూడకూడదు. ఆఖరున ఏమైందో ముందు దాన్ని దొరకబుచ్చుకుని, 'దీనికి ముందు ఏముంది?' అని అడుగుతూ వెనక్కి పోవాలి. ఏదీ దొరక్కపోతే ఒంటికి ఎలా ఉందో, నోట్లో ఏ రుచి ఉందో అదైనా పైకి చెప్పాలి. రోజూ అదే వేళకు, అదే చోట.

మధ్యాహ్నం దవాఖానా మూసి నేను వాళ్ల ఇంటికి వెళ్లేవాణ్ని. ఒక్కటే గది. తలుపుకు ఎల్లక్క గొంగడి వేలాడదీసేది. బయట రాళ్లు పగిలే ఎండ. లోపల మసక. పొయ్యిలో ఆరిన బొగ్గు వాసన, చెమట వాసన. ఇస్తారి నులకమంచం మీద గోడ వైపు తిరిగి, చేతులు మోకాళ్ల సందున పెట్టుకుని పడుకునేవాడు. నేను తల దగ్గర పీట మీద. శంకరవ్వ గొంగడి పక్కన, నేల మీద. ఎల్లక్క పొయ్యి దగ్గర. వినిపించేది నులక కిర్రుమనడం, అతని ఊపిరి, అంతే.

మొదటి రెండు రోజులూ అరుస్తూ లేచి కూర్చున్నాడు. అంతా పోయింది. మూడో రోజు కదలకుండా ఉండగలిగాడు.

"నోట్లె ఇనుము తిన్నట్టున్నది... ఈపు ఎచ్చగున్నది" అన్నాడు కళ్లు మూసుకునే.

"ఒక్క వీపేనా?"

"ఈపే. కాళ్లు సేతులు సల్లగున్నయ్."

నాలుగో రోజు కల చివర దొరికింది. దూరంగా వెలుగు, ఎవరో కాలు పట్టి గుంజడం. అంటే బయటికి తెచ్చిన గడియ. నాకు సంబరమైంది. ఇక మెల్లగా వెనక్కి పోవడమే.

ఆరో రోజు.

"దీనికి ముందు ఏముంది ఇస్తారీ?"

"కూసున్న... గోడకు మొఖం పెట్టి. నా ఈపుకు ఇంకో ఈపు ఆనుకోనున్నది."

గొంగడి పక్క నుంచి శంకరవ్వ ముందుకు జరిగింది.

"ఎవరు?"

"బాలమల్లు. 'అన్నా' అంటుండు."

ఆ ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొడుకు బతికి ఉన్నాడు. వెలుగు వచ్చేదాకా, అంటే నాలుగో రోజుదాకా. ఆ సాయంత్రం దవాఖానా దాకా నా చెయ్యి పట్టుకుని నడిచింది. "మాట్లాడిండట బిడ్డా, నా కొడుకు మాట్లాడిండట" అని పదిసార్లు అంది.

తర్వాతి రోజుల్లో ఆ మాటలే ఒక్కొక్కటి దొరికాయి. చీకట్లో వీపుకు వీపు ఆనించి కూర్చుని, బాలమల్లు ఇస్తారిని అడుగుతూ ఉన్నాడు. నిద్రపోవద్దన్నా. నీ ఇంటి ముచ్చట చెప్పు. ఇంట్ల ఎవలెవలున్నరు? బాయి మీది నుంచి నీ ఇంటికి తొవ్వెట్ల? నల్లా కాడ ఏ దిక్కు మళ్లాలె? తలుపుకు గొళ్లెం లోపలనా, బయటనా? ఇస్తారి చెప్పాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాడు. మూడు రోజులు అదే.

ఇవన్నీ ఇస్తారి కళ్లు మూసుకుని మాకు వినిపించేవాడు. ఇంటి దారితో సహా, రోజూ, పైకి. ఇప్పుడతను మెలకువ వచ్చినప్పుడు అరవడం లేదు. చప్పుడు లేకుండా లేచేవాడు. నా పద్ధతి ఫలించిందనుకున్నాను.

తొమ్మిదో రోజు నేను వెళ్లిపోతుంటే ఎల్లక్క గడప దాకా వచ్చింది.

"సారు, ఒక్క మాట. మూడొద్దులల్ల నీళ్లు అడిగిండా వాడు?"

ఇస్తారి చెప్పినదంతా గుర్తు చేసుకున్నాను. "అడగలేదు."

"ఆకలని?"

"అనలేదు."

"బాలమల్లు మా ఇంట్ల ఎన్నిమాట్ల తిన్నడో లెక్కలేదు సారు. రెండిండ్ల అవతలనే ఉండె. వానికి మా తొవ్వ ఎరుకలేదా? ఎందుకడుగుతుండు?"

మనిషి భయంలో ఏదో మాట్లాడతాడు అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు గుర్తుంది. "ఆపుండ్రి సారు. గింతటితోని ఆపుండ్రి" అంది.

ఆపి ఉండాల్సింది. కానీ మిగిలింది కల మొదలు ఒక్కటే. అంత దగ్గరికి వచ్చి వదలబుద్ధి కాలేదు. శంకరవ్వ కూడా వదలదు.

పదకొండో రోజు. గాలి లేదు. గొంగడి కదలడం లేదు. ఇస్తారి రెండు గంటలు నిద్రపోయాడు. అతని ఊపిరి మారింది. మెలకువ వచ్చిందని నాకు తెలిసింది.

"కదలకు" అన్నాను మెల్లగా. "ఆ వీపు ఆనుకోవడానికి ముందు ఏముంది?"

మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ కదిలాయి.

"కప్పు కూలింది. దీపం ఆరింది... బాలమల్లు మొత్తుకుంటుండు. సేతులతోని దేవులాడిన. దొరికిండు. నడుం కింద బండ ఉన్నది సారు. గుంజిన. రాలే."

శంకరవ్వ కదల్లేదు.

"తల నా ఒళ్లె పెట్టుకున్న. 'అవ్వా, కాళ్లు సల్లగైతున్నయ్, బొంత కప్పు' అంటుండు. నన్ను గాదు. వాళ్లవ్వను."

"చిన్నప్పటిసంది గంతే" అంది శంకరవ్వ గొణుగుతున్నట్టు. "కాళ్లకు బొంత లేకుంటె పండుకోకపోతుండె."

"తర్వాత?" అన్నాను.

"పానం పోయింది. నా ఒళ్లెనే. కండ్లు నేనే మూసిన, సేతితోని తడిమి. నా తువ్వాల మొఖం మీద కప్పిన. వాని నీళ్ల డబ్బ తీసుకున్న. వాడు తాగడు గద సారు, అందుకే తీసుకున్న... బుగులైంది. పాక్కుంట అవతలికి పోయిన. గోడకు మొఖం పెట్టి కూసున్న."

"ఎప్పుడు? ఎన్నో రోజు?"

"మొదటి రోజే సారు. కప్పు కూలినంక జరసేపటికే."

పొయ్యి దగ్గర ఎల్లక్క లేచి నిలబడింది. బాలమల్లు మొదటి రోజే పోయాడు. ముఖం మీద తువ్వాలతో పడి ఉన్నాడు.

మరి మూడు రోజులు...

"గట్ల కూసుంటె," అన్నాడు ఇస్తారి, "ఎన్కనుంచి వచ్చి ఈపుకు ఈపు ఆనించింది. 'అన్నా' అన్నది."

'అన్నది' అన్నాడు. 'అన్నడు' అనలేదు.

"చాలు" అన్నాను. "ఇక చాలు ఇస్తారీ. లే."

అతను లేవలేదు.

"సారు... నేను కదుల్తలేను గద?"

"లేదు."

"మరి మంచమెందుకు కదిలింది?"

చూశాను. ఇస్తారి గోడ వైపు తిరిగి మంచం ఒక అంచున ఉన్నాడు. అతని వెనక నులక ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉంది... కానీ కిందికి కుంగి ఉంది. బరువైన మనిషి వీపు వాల్చి కూర్చుంటే కుంగినట్టు. నేను చూస్తుండగానే తాళ్లు ఇంకాస్త సాగాయి. కిర్ర్... మని.

తడి బొగ్గు వాసన వచ్చింది. ఎన్నడూ ఎండ సోకని మన్ను వాసన.

"కళ్లు తెరువు!" అన్నాను. అరిచాననుకున్నాను. గుసగుసలాగే వచ్చింది.

"తెరిసే ఉన్నయ్ సారు... చీకటే ఉన్నది."

ఎల్లక్క ఒక్క ఉరుకున వచ్చి అతని భుజం పట్టుకుంది. అతను రాయిలా కదల్లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"అడుగుతుంది."

"ఏమని?"

"మా ఇంటికి తొవ్వ ఎరుకైందట. వచ్చిందట... ఇప్పుడు బాలమల్లు ఇల్లు యాడుందని అడుగుతుంది."

"చెప్పకు!" అంటూ ఎల్లక్క రెండు చేతులతో అతని నోరు మూసింది.

నేను గోడకు ఆనుకుపోయాను. నాకు ఏ గొంతూ వినిపించలేదు. దేవుడి మీద ఒట్టు, వినిపించలేదు. కానీ గొంగడి దగ్గర కూర్చున్న శంకరవ్వ తల మెల్లగా మంచం వైపు తిరిగింది. ఎవరో పిలిస్తే తిరిగినట్టు. ఆమె ముఖం విప్పారింది.

"ఆఁ బిడ్డా" అంది.

"అవ్వా, వద్దు..." అన్నాను.

"గీ ఇంట్లకెళ్లి బయటికి రా" అంది శంకరవ్వ, పసిపిల్లవాడికి చెప్పినంత నిమ్మలంగా. "నల్లా కాడ ఎడమ చేతికి మళ్లు. రేకుల ఇల్లు దాటు. తర్వాత ఇల్లు మనదే. తలుపు లేదు, తడకనే. గొళ్లెం పెట్టలే."

నేను పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అవ్వా, అది నీ కొడుకు కాదు. విన్నావు గదా. నీ కొడుకు మొదటి రోజే..."

"ఎరుకే బిడ్డా." ఆమె నా చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "ఇన్న. నా కొడుకు ఇస్తారి ఒళ్లె పోయిండు. నన్ను యాజ్జేసిండు. గది తెలిసింది, చాలు. గని గిది వాని గొంతుతోని అడుగుతుంది. అచ్చం వాని గొంతే. గా గొంతు మల్ల యాడ ఇంట నేను?"

కిర్రుమంది. కుంగిన నులక ఒక్కో తాడుగా పైకి లేచింది.

గాలి లేని ఆ మధ్యాహ్నం తలుపుకు వేలాడుతున్న గొంగడి బయటికి ఉబ్బింది. పక్కకు తొలగింది. ఎండ ఒక చారగా లోపల పడి, మధ్యలో ఒకసారి మాసిపోయి, మళ్లీ పడింది.

శంకరవ్వ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. గబగబా బయటికి నడిచింది.

"ఆగు బిడ్డా, ఆగు... తొవ్వల రాళ్లున్నయ్" అంటూ.

ఇస్తారి పెద్దగా ఒక్క ఊపిరి తీసుకుని వెల్లకిలా తిరిగాడు. మర్నాడు పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. ఆ తర్వాత అతనికి ఆ కల రాలేదు. నెల తిరక్కముందే ఆ ఇద్దరూ మూటలు కట్టుకుని మెట్‌పల్లి వెళ్లిపోయారు. వెళ్లే రోజు ఎల్లక్క నా వైపు చూడలేదు. ఇస్తారి మాత్రం దగ్గరికి వచ్చి, ఇటూ అటూ చూసి, "ముసలిదాన్ని జర అర్సుకోండ్రి సారు" అన్నాడు.

నేను ఆమె మంచిచెడు చూడలేదు. రెండుసార్లు నల్లా దాకా వెళ్లి తిరిగి వచ్చాను.

కలల నోటుబుక్కులు పొయ్యిలో వేశాను. పొద్దున మెలకువ రాగానే దిగ్గున లేచి, కళ్లు బాగా నులుముకుని, చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం అలవాటు చేసుకున్నాను. ఏదైనా వచ్చి ఉంటే పోవాలని.

శంకరవ్వ సంగతి జనం చెబుతుండగా వినేవాణ్ని. ముసలిది కోలుకుంది అనేవారు. ఒంటికి కాస్త కండ పట్టిందట. ఇంట్లో ఒక్కతే మాట్లాడుకుంటుందట, నవ్వుకుంటుందట. కొడుకు పోయిన తల్లి, పోనీలే అనుకునేవారు. రాత్రిళ్లు ఆ ఇంటి ముందు నుంచి పోవడం మాత్రం మానేశారు. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

వానాకాలంలో ఒక పొద్దున ఆమే దవాఖానాకు వచ్చింది. తల నున్నగా దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని. నన్ను చూసి నిండుగా నవ్వింది.

"సెవు పోటు బిడ్డా. ఎడమ సెవు."

"ఎప్పటి నుంచవ్వా?"

"శానొద్దులసంది. తెల్లందాక గీ సెవులనే మాట్లాడుతడు."

ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. పుల్లకు దూది చుట్టి, చెవిలో పెట్టి మెల్లగా తిప్పి తీశాను.

దూది నల్లగా వచ్చింది. గుబిలి కాదు. తడి బొగ్గు. వేళ్ల మధ్య నలిపితే గరగరమంది. శంకరవ్వ ఎన్నడూ బాయిలోకి దిగిన మనిషి కాదు.

ఇంకో పుల్ల పెట్టాను. నల్లగానే వచ్చింది. మూడోది. నాలుగోది. ఐదు, ఆరు... పళ్లెం నిండుతోంది, చెవిలో బొగ్గు తరగడం లేదు. ప్రతి దూదీ వెచ్చగా ఉంది. ఏడో పుల్ల లోపలికి పోతుంటే, అటు కొసన దాన్ని ఏదో మెత్తగా పట్టుకున్నట్టయింది.

శంకరవ్వ నా మణికట్టు పట్టుకుని ఆపింది. గొంతు బాగా తగ్గించింది.

"పైలం బిడ్డా... గట్టిగ గుంజకు. ఇప్పుడే పండుకున్నడు."